బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు

మా ఇంట్లో వీడియోలన్నీ తీసింది అమ్మే. అందుకే ఏ వీడియోలోనూ అమ్మ కనిపించదు. వినిపిస్తుంది, అంతే. "ఇటు చూడు", "అటు కాదురా, వెలుతురు వైపు తిరుగు", "ఒక్క నిమిషం కదలకుండా నిలబడలేవూ?" అంటూ ఇరవై ఏళ్ళ మా ఇంటి చరిత్రకు వెనకనుంచి వినిపించే మాటలన్నీ ఆవిడవే.

ఒకరోజు అందరం ఒకచోట చేరినప్పుడు, అక్క కూతురు మొదటిసారి నడిచిన వీడియో చూద్దామన్నారు. ఆ పిల్లకిప్పుడు పద్నాలుగేళ్ళు. టీవీకి అప్పుడే కొత్త స్ట్రీమింగ్ బాక్స్ పెట్టి ఉన్నాను. అట్టపెట్టె మీద 4కే, హెచ్‌డీఆర్, డాల్బీ అంటూ బిరుదులన్నీ ఉన్నాయి. హార్డ్ డిస్కు తగిలించి, ఫైలు వెతికి, ప్లే నొక్కాను. బొమ్మ వచ్చింది. గొంతు రాలేదు. సౌండ్ పెంచాను, రిమోట్ మార్చాను, కేబుల్ పీకి పెట్టాను. ఊహూఁ.

"మామయ్యా, ఇది మూకీ సినిమానా?" అంది మేనకోడలు.

అమ్మ ఊరుకోలేదు. సోఫాలో కూర్చునే డబ్బింగ్ మొదలుపెట్టింది. "ఇదిగో, ఇక్కడ నేను 'రా రా' అన్నాను. ఇప్పుడు పడుతుంది చూడండి, 'అయ్యో' అన్నాను." అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను కానీ మనసులో చివుక్కుమంది. తను తీసిన వీడియోలో తను ఉండేది ఆ గొంతులోనే. సరిగ్గా దాన్నే బాక్స్ మింగేసింది.

అందరూ పడుకున్నాక కూర్చుని చూస్తే కారణం తెలిసింది. ఆ వీడియో తీసిన క్యామ్‌కార్డర్ ఏవీసీహెచ్‌డీ రకం. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి అది. బొమ్మను హెచ్.264లోనూ, శబ్దాన్ని ఎక్కువగా డాల్బీ వాళ్ళ ఏసీ-3లోనూ కుదించి, రెండింటినీ ఎంటీఎస్ అనే ఫైల్లో మూట కడుతుంది. హెచ్.264ను విప్పే చిప్పు ఈ రోజుల్లో ఏ బాక్సులోనైనా ఉంటుంది. ఏసీ-3ని విప్పే పని మాత్రం కొన్ని బాక్సులు, కొన్ని యాప్‌లు పెట్టుకోవు. టీవీయో సౌండ్‌బారో చూసుకుంటుందిలే అని ముందుకు నెట్టేస్తాయి. లేదంటే మూగనోము పట్టి కూర్చుంటాయి. మా బాక్సులో ముందే ఉన్న గ్యాలరీ యాప్ రెండో రకం. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ ఎక్కించి అదే ఫైలు తెరిస్తే గొంతు గంటలా పలికింది. అర్ధరాత్రి ఒంటిగంటకు, ఎవరూ లేని హాల్లో.

ఆ రాత్రి నుంచి నాకు ఈ బాక్సుల సంగతి ఒక పిచ్చిలా పట్టుకుంది. "ఏది కొనమంటావు?" అని స్నేహితులు అడిగితే ఇప్పుడు నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "నీ డిస్కులో ఏముంది?" చాలామందికి దీనికి జవాబు తెలియదు. డిస్కులో ఏముందో తెలియకుండా బాక్స్ ఎంచుకోవడం, కాలి కొలత తీసుకోకుండా చెప్పులు కొనడం లాంటిదే.

అసలు విషయం ఏమిటంటే, మనం పోల్చి చూసుకునే పట్టికలన్నీ వేరే ప్రశ్నకు జవాబులు. ఏ బాక్సులో ఎన్ని ఓటీటీలు వస్తాయి, గొంతుతో వెతికితే ఎంత త్వరగా దొరుకుతుంది, ఏ రకం హెచ్‌డీఆర్ పలుకుతుంది... ఇవన్నీ ఊళ్ళోవాళ్ళ సినిమాలు చూడటానికి సంబంధించినవి. మన సినిమా ఆ పెట్టెకు అనుకోకుండా వచ్చిన చుట్టం. అది కాస్త పక్కకు జరిగి చోటిస్తే ఇస్తుంది, లేకపోతే లేదు.

మొదట్లో ఇలా లేదు. 2007లో వచ్చిన మొదటి యాపిల్ టీవీలో 40 జీబీ హార్డ్ డిస్కు ఉండేది. కంప్యూటర్లో ఉన్న మన పాటలు, ఫొటోలు, వీడియోలు దాంట్లోకి దించుకుని టీవీలో చూసుకోవడమే దాని ముఖ్యమైన పని. 2008లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్ళు డబ్ల్యూడీ టీవీ అని అరచేతిలో పట్టే పెట్టె తెచ్చారు. దానికి యూఎస్‌బీ డిస్కు తగిలిస్తే దాదాపు ఏ ఫైలునైనా ఆడించేది. దాని వ్యాపారమే అది. అదే 2008లో రోకు మొదటి పెట్టె వచ్చింది, నెట్‌ఫ్లిక్స్ చూడటానికని. రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. 2010కల్లా యాపిల్ టీవీ లోపలి డిస్కు తీసేసింది. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ అయితే రిమోట్ కూడా లేని చిన్న ముక్క, దానికి ప్రాణం ఇంటర్నెట్టూ ఫోనూ. అద్దె సినిమాల దారే గెలిచింది. డబ్ల్యూడీ టీవీల తయారీ తర్వాత ఆగిపోయింది. కంపెనీలను తప్పుపట్టి లాభం లేదు. మా మేనకోడలి నడక మీద వాళ్ళకు నెలనెలా చందా రాదు కదా.

ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. "నెట్‌ఫ్లిక్స్ 4కేలో చక్కగా వస్తోంది, మన ఇంటి వీడియో ఏపాటి?" అనుకుంటాం. లెక్క వేసి చూస్తే తలకిందులుగా ఉంటుంది. 4కే చూడటానికి 15 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఐఫోన్‌లో హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో 4కే, సెకనుకు 60 ఫ్రేములు పెట్టి తీస్తే నిమిషానికి దాదాపు 400 ఎంబీ అవుతుందని ఆ సెట్టింగ్ కిందే రాసి ఉంటుంది. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణించి, అరవైతో భాగించండి. సెకనుకు 53 మెగాబిట్లు. అంటే పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు ఊదే వీడియో, కోట్లు పోసి తీసిన సినిమా కన్నా మూడున్నర రెట్లు బరువు.

బరువొక్కటే కాదు. ఓటీటీ వాళ్ళ దగ్గర ఒకే సినిమా పది రకాల నాణ్యతల్లో తయారుగా ఉంటుంది. మీ వైఫై కాస్త తడబడగానే చిన్న సైజుకు దిగిపోతుంది, మీరు గమనించను కూడా గమనించరు. ఇంటి వీడియోకు అన్నదమ్ములు లేరు, ఉన్నది ఒక్కటే ఫైలు. దాన్ని ఇంట్లోని కంప్యూటర్ నుంచి వైఫై మీద తెప్పించుకుంటుంటే, వైఫై తడబడగానే అది నిలబడిపోతుంది, తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతూ. అప్పుడు అందరూ బాక్సును తిడతారు. తప్పు ఎక్కువసార్లు గోడల మధ్య ఉన్న వైఫైది. అందుకే నా మొదటి షరతు, నలుగురూ నవ్వినా సరే, ఈథర్‌నెట్ వైరు పెట్టే రంధ్రం. టీవీ వెనక దూరే స్టిక్‌లకు మామూలుగా ఇది ఉండదు, వేరే అడాప్టర్ కొనుక్కోవాలి. ఇప్పటి యాపిల్ టీవీ 4కేలో కూడా, అంటే 2022లో వచ్చిన దాంట్లో, 128 జీబీ రకానికే వైరు రంధ్రం ఉంది, 64 జీబీ రకానికి లేదు. రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. "జీబీ ఎక్కువ నాకెందుకులే" అని చిన్నది తెచ్చుకున్నవాళ్ళు వదులుకున్నది జీబీలను కాదు, వైరును. గూగుల్ టీవీ స్ట్రీమర్‌కు ఆ రంధ్రం ఉంది. ఎన్విడియా షీల్డ్ టీవీ ప్రోకు దాంతోపాటు రెండు యూఎస్‌బీ పోర్టులు కూడా ఉన్నాయి. అది 2019 నాటి సరుకు, అయినా ఇంటి వీడియోల పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ దాని పేరే ఎత్తుతారంటే కారణం ఇవే.

డిస్కులో ఏముందని అడిగాను కదా. మా డిస్కు తవ్వితే భూమి పొరల్లా బయటపడింది. అట్టడుగున మినీడీవీ క్యాసెట్ల నుంచి దించిన ఫైళ్ళు, గంట క్యాసెట్‌కు 13 జీబీ చొప్పున. దాని మీద పాత డిజిటల్ కెమెరా తీసిన చిన్న చిన్న ఏవీఐలు. అవి మోషన్ జేపెగ్, అంటే ఒక్కో ఫ్రేమూ ఒక్కో ఫొటో. ఆపైన మొదటి కెమెరా ఫోన్ల 3జీపీ ఫైళ్ళు, అగ్గిపెట్టంత బొమ్మ, బావిలోంచి మాట్లాడినట్టు గొంతు. పెళ్ళివాళ్ళు ఇచ్చిన డీవీడీల వీఓబీలు. తర్వాత ఆ ఏవీసీహెచ్‌డీ ఎంటీఎస్‌లు. అన్నిటికన్నా పైన ఫోన్ వీడియోలు, సగం నిలువుగా, సగం అడ్డంగా. కొత్త బాక్సులు పైపొరను మాత్రం కళ్ళకద్దుకుని ఆడిస్తాయి. కింది పొరల దగ్గరికి వచ్చేసరికి "ఈ ఫార్మాట్ సపోర్ట్ చేయదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాయి. ఏవీ1 అంటే 2018లో వచ్చిన కోడెక్, అంటే వీడియోను కుదించి విప్పే పద్ధతి. దాన్ని విప్పడం వచ్చని గొప్పగా రాసుకుంటారు. అమ్మ తీసిన ఎంటీఎస్‌కు మాత్రం నోరు పెగలదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు.

చిప్పుకు చేతకానిది సాఫ్ట్‌వేర్ చేయగలదు, కాబట్టి నిరాశ పడనక్కర్లేదు. డీవీ, మోషన్ జేపెగ్, 3జీపీ ఇవన్నీ పాతకాలపు చిన్న బొమ్మలు. వాటిని విప్పడానికి ఈ కాలపు బాక్సులో ఉండే మామూలు ప్రాసెసర్ చాలు. కావలసిందల్లా విప్పడం తెలిసిన యాప్. వీఎల్‌సీకీ, కోడీకీ తెలుసు. కోడీ పుట్టుకే ఇంటి ఫైళ్ళ కోసం. ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టెలో సొంత వీడియోలు చూసుకోవాలని కొందరు ఔత్సాహికులు రాసుకున్న ప్రోగ్రామ్ అది, పేరు మార్చుకుని కోడీ అయింది 2014లో. అమ్మడానికి దాని దగ్గర సినిమాలేమీ లేవు కాబట్టి మన ఫైళ్ళనే సినిమాల్లా చూస్తుంది. అందుకే బాక్స్ ఎంచుకునేటప్పుడు "ఏ ఫార్మాట్లు ఆడిస్తుంది" అని కాకుండా "వీఎల్‌సీయో, కోడీయో పెట్టుకోనిస్తుందా" అని చూడటం నా రెండో షరతు. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ రకాల్లో రెండూ దొరుకుతాయి. యాపిల్ టీవీకి 2016 నుంచి వీఎల్‌సీ ఉంది. రోకులో ఈ రెండిట్లో ఏదీ లేదు. దాని సొంత మీడియా ప్లేయర్ ఎంతవరకు ఆడిస్తే అంతే.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఇళ్ళకు అసలు బాక్సే అక్కర్లేదు. ఆ రాత్రి ఉక్రోషం కొద్దీ అదే డిస్కును నేరుగా టీవీ వెనక యూఎస్‌బీలో పెడితే, ఎంటీఎస్ బొమ్మా గొంతూ రెండూ వచ్చాయి! కొత్త బాక్స్ చేయలేని పని పాత టీవీ చేసింది. టీవీ యూఎస్‌బీని ఎవరూ పట్టించుకోరు, దాని గురించి ప్రకటన ఇచ్చేవాళ్ళు లేరు కాబట్టి. నా సలహా అడిగితే డబ్బు తీసే ముందు ఒక సాయంత్రం ఆ రంధ్రంతో గడపండి. దానికుండే చిక్కులు దానికున్నాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, గంట మినీడీవీ ఫైలు అందులో పట్టే ప్రశ్నే లేదు. పెద్ద ఫైళ్ళు పట్టేలా వేరే రకంగా ఫార్మాట్ చేస్తే కొన్ని టీవీలు గుర్తుపడతాయి, కొన్ని పట్టవు. మరి మాకెందుకు చాలలేదంటే, పేర్ల వల్ల. ఆ క్యామ్‌కార్డర్ తన ఫైళ్ళకు 00000, 00001 అని పేర్లు పెట్టుకుంటూ పోతుంది. టీవీ తెర మీద వరసగా నాలుగు వందల అంకెలు. అందులో మేనకోడలి నడక ఏదో చెప్పడానికి జ్యోతిష్యం రావాలి.

ఫోన్ నుంచి టీవీకి పంపడం, అంటే కాస్టింగ్, ఇంకో దారి. అప్పటికప్పుడు తీసింది చూపించడానికి దాన్ని మించింది లేదు. కానీ ఇంటి వీడియోలకు దాన్నే ఆధారం చేసుకోవడం నాకు నచ్చదు. ఫోన్ ఎవరిదో వాళ్ళే రాజు. వాళ్ళు లేచి బయటికి వెళితే ఆట ఆగిపోతుంది. నానమ్మకు, పిల్లలకు చూడాలనిపించినప్పుడు ఇంకొకరి ఫోన్ కోసం ఎదురుచూడాలి. తెర మొత్తాన్ని మిర్రర్ చేస్తే మధ్యలో వచ్చే మెసేజ్‌లు కూడా అందరూ చదువుతారు, దాని గురించి ఇంతకన్నా చెప్పను.

ఇంకో భయం కూడా ఉంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. ఇది అసలు పరికరమేనని రుజువు చేయడానికి వాటి లోపల ఉండే పదేళ్ళ డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. పెట్టె బాగానే ఉంది, టీవీ బాగానే ఉంది, ఇంట్లో వైఫై బాగానే ఉంది. కానీ "ఈ పరికరాన్ని నమ్మలేం" అని ఫోన్ మొండికేసింది. కొద్ది రోజుల్లో గూగుల్ అప్‌డేట్ పంపి సరిచేసిన మాట నిజం. ఈలోగా ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దని కంపెనీ చెప్పాల్సి వచ్చింది, అలా చేసినవాళ్ళ పరిస్థితి ఇంకా చిక్కుల్లో పడింది. ఓటీటీలు చూడటానికైతే ఇలాంటివి సర్దుకుపోవచ్చు, ఎలాగూ అంతా బయటినుంచి రావాల్సిందే. మన అల్మారాలో, మన డిస్కులో ఉన్న వీడియో మన టీవీలో రావడానికి ఎక్కడో ఉన్న కాగితం గడువు అడ్డం రావడం నాకు మింగుడుపడదు.

క్లౌడ్ గురించి కూడా నా మాట ఇంతే. గూగుల్ ఫొటోస్‌లో ఎంతైనా ఉచితంగా దాచుకోవచ్చన్న ఏర్పాటు 2021 జూన్ 1తో ముగిసింది. అంతకుముందు ఆ ఉచితం కోసం కుదించిన నాణ్యతలో దాచుకుని, ఫోన్‌లో ఉన్న అసలును చెరిపేసుకున్నవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర ఇప్పుడున్నది కుదించిన కాపీయే. రెండో కాపీగా క్లౌడ్ ఉండాలి, కాదనను. టీవీలో చూసే దారిగా మాత్రం వద్దు. ఒక గంట వీడియో చూడాలంటే అది ఊరంతా తిరిగి మళ్ళీ మన హాల్లోకి రావడమెందుకు?

ఇక మిగిలింది నేను చివరికి పట్టుకున్న దారి. డిస్కును ఒక మూలన పెట్టి, దానికి ఒక చిన్న సర్వర్‌ను కాపలా పెట్టడం. సర్వర్ అనగానే భయపడకండి. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. దాంట్లో ప్లెక్స్ గానీ జెల్లీఫిన్ గానీ, ఈ రెండు ప్రోగ్రామ్‌లలో ఒకటి పెడితే, డిస్కులో ఉన్న వీడియోలను బొమ్మలతో, తేదీలతో వరసగా పేర్చి టీవీ బాక్సులోని యాప్‌కు చూపిస్తుంది. రెండింటి మధ్య నా మొగ్గు జెల్లీఫిన్ వైపు. ఎంబీ (Emby) అనే ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ నుంచి 2018 చివర్లో విడిపోయి పుట్టింది, పూర్తిగా ఉచితం, దాని ఖాతాలన్నీ మన ఇంట్లోనే ఉంటాయి. ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. ప్లెక్స్ చూడటానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ దానికి వాళ్ళ దగ్గర ఖాతా ఉండాలి. 2025 ఏప్రిల్ చివరి నుంచి ఇంటి బయటినుంచి చూడటానికి డబ్బు కట్టమంటోంది కూడా. ఇంట్లో చూస్తే ఉచితమే. ఈ ఒక్క విషయంలో మా అక్కకూ నాకూ ఇంకా వాదన నడుస్తోంది.

ఈ ఏర్పాటులో అసలు లాభం ఇంకొకటి ఉంది. బాక్స్ ఏదైనా ఆడించలేని ఫైలు వస్తే, సర్వరే దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. అంటే తెలివంతా ల్యాప్‌టాప్‌లో ఉంది, బాక్స్ తెలివితక్కువదైనా ఫర్వాలేదు. ఇది తెలిశాక బాక్సుల మీద నా పిచ్చి సగం తగ్గిపోయింది. మూడు నాలుగేళ్ళకోసారి పాతబడే వస్తువు మీద తల బద్దలు కొట్టుకోవడం కన్నా, ఆ శ్రమ డిస్కు మీద పెడితే మిగులుతుంది. నేను అదే చేశాను. రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని ఫైళ్ళకు "2012-03-18 మొదటి నడక" అన్నట్టు పేర్లు పెట్టాను. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ. అలా పెడితే ఏ బాక్సయినా, ఏ టీవీ అయినా దానంతటదే కాలక్రమంలో చూపిస్తుంది. పోస్టర్లు, నటీనటుల పేర్లు వెతికే హంగామా మాత్రం ఆపేయాలి. సర్వర్‌లో లైబ్రరీ రకం "హోమ్ వీడియోలు" అని ఎంచుకోకుండా "సినిమాలు" అని ఎంచుకున్నాను మొదట. "మొదటి నడక"కు అది ఎక్కడినుంచో ఏదో పోలీసు సినిమా పోస్టర్ తెచ్చి అతికించింది.

మరి అన్నిటినీ ఎంపీ4లోకి మార్చేసుకుంటే గొడవ వదులుతుంది కదా అంటారు. కొంత నిజమే. ఎంటీఎస్‌లను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో మూట మాత్రమే మార్చవచ్చు, లోపలి బొమ్మను ముట్టుకోకుండా. నిమిషాల్లో అయిపోతుంది, నాణ్యత వెంట్రుకవాసి తగ్గదు. కానీ మళ్ళీ కుదించి కొత్త ఫైలు చేసి, పాతదాన్ని చెరిపేయడం మాత్రం చేయకండి. నేనొకసారి చేశాను. మినీడీవీ ఒకటి 13 జీబీ ఉందని ఒకటిన్నర జీబీకి నొక్కి, అసలును తీసేశాను. అందులో తాతయ్య తోటలో నడిచే ముక్క ఉంది. ఆకులన్నీ ఇప్పుడు పచ్చరంగు పూసిన గోడలా ఉంటాయి.

రిమోట్ సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. బాక్స్ ఎంత గొప్పదైనా ఆన్ చేయగానే హోమ్ స్క్రీన్ నిండా ప్రకటనలు, ట్రైలర్లు. అమ్మ మొదటి రోజు కింది బాణం నొక్కబోయి మధ్య బటన్ నొక్కింది, ఏదో హారర్ సిరీస్ మొదలైంది. గూగుల్ టీవీలో "యాప్స్ ఓన్లీ" అని ఒక సెట్టింగ్ ఉంది, సిఫార్సులు చాలావరకు పోతాయి. ఇంటి వీడియోల యాప్‌ను వరసలో మొట్టమొదట పెట్టాను. అమ్మ చేయాల్సిందల్లా ఆన్ చేసి ఓకే నొక్కడం. ఇంటి వీడియోలకు పరీక్ష నా దృష్టిలో ఇదే. ఇంట్లో టెక్నాలజీ అంటే విసుక్కునే మనిషి, పక్కన ఎవరూ లేనప్పుడు, తనకు కావలసింది తనే పెట్టుకోగలగాలి. ఈ పరీక్షలో యాపిల్ టీవీ రిమోట్ మీద జారే వేళ్ళకు మార్కులు తక్కువే వేస్తాను. బటన్లు ఎంత లావుగా ఉంటే అంత మంచిది.

కొత్త బాక్స్ ఏది తెచ్చినా వెనక్కి ఇచ్చే గడువు లోపల చేయాల్సిన పని ఒకటుంది. డిస్కులోని ఒక్కో పొర నుంచి ఒక్కో చిన్న ముక్క తీసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. క్యాసెట్‌ది ఒకటి, ఎంటీఎస్ ఒకటి, పాత ఏవీఐ ఒకటి, 3జీపీ ఒకటి, నిలువు ఫోన్ వీడియో ఒకటి, 4కే 60 ఫ్రేములది ఒకటి. నిలువుది పక్కకు పడుకుని వస్తే ఆ యాప్ రొటేషన్ గుర్తును చదవడం లేదన్నమాట. క్యాసెట్‌లో ముఖాలు సాగి లావుగా కనిపిస్తే పాతకాలపు 4:3 బొమ్మను వెడల్పాటి 16:9కు లాగేస్తోంది. ఎవరో నడుస్తుంటే కెమెరా పక్కకు తిరిగే చోట చూడండి. బొమ్మ చిన్న చిన్న గెంతులు వేస్తుంటే, సెకనుకు 25 ఫ్రేముల వీడియోను బాక్స్ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు పంపుతోంది. 25తో 60ని భాగిస్తే 2.4 వస్తుంది, ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు చూపించక తప్పదు, అదే ఆ గెంతు. ఫ్రేమ్ రేటును వీడియోకు తగ్గట్టు మార్చే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. యాపిల్ టీవీలో "మ్యాచ్ కంటెంట్" అని 2017 చివరి నుంచి ఉంది, కోడీలోనూ ఉంది.

మేం మళ్ళీ అందరం కలిసింది నాలుగు నెలల తర్వాత. ఈసారి నేను రిమోట్ ముట్టుకోలేదు. అమ్మే ఆన్ చేసింది, అమ్మే వెతికింది. పిల్ల గోడ వదిలి మొదటి అడుగు వేసింది. "రా రా, ఇటు రా, అమ్మమ్మ దగ్గరికి రా!" అని హాలంతా మోగింది.

"నేనింత గట్టిగా అరిచేదాన్నా?" అంది అమ్మ.

"ఇప్పుడూ అంతే," అంది అక్క.

ఆ వీడియోలో ఇంతవరకూ నేను చూడనిది ఒకటి మేనకోడలు చూసింది. పిల్ల పడిపోయినప్పుడు కెమెరా గబుక్కున అల్మారా వైపు తిరుగుతుంది. దాని అద్దంలో రెండు సెకన్లు, ఒక కన్ను మూసుకుని కెమెరా పట్టుకున్న అమ్మ. "అమ్మమ్మా, నువ్వే!"

అమ్మ పది సెకన్లు వెనక్కి కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి, "ఒరేయ్, దీన్ని ఇక్కడ ఆపడం ఎలారా?" అని అడిగింది. ఓకే బటన్ నొక్కమన్నాను. ఆగింది. కదిలే కెమెరా కదా, అద్దంలో బొమ్మ అంచులన్నీ దువ్వెన పళ్ళలా గీతలు గీతలుగా ఉన్నాయి. ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో తీసే ఇంటర్‌లేస్డ్ వీడియోకు అది మామూలే. లేచి వెళ్ళి, ఆ గీతలను సరిచేసే డీఇంటర్‌లేసింగ్ ఆన్ చేసి, మళ్ళీ అక్కడే ఆపాను.